చక్రం లోపలి వైపు చూడండి

ఆయుధపూజ నాడు మన ట్రాక్టర్లకు జరిగే మర్యాద ఇంట్లో మనిషికి కూడా జరగదు. ముందు రోజే వాటర్ సర్వీసుకు తోలుకుపోతాం. బానెట్టు మీద పసుపు కుంకుమ పెడతాం, స్టీరింగుకు పూలదండ వేస్తాం, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. నిమ్మకాయ పెట్టడానికి వెనక చక్రం దగ్గర వంగినప్పుడు, ఆ చక్రం లోపలి వైపు ఇరుసు వచ్చి కలిసే చోటు మనలో ఎంతమందిమి తొంగి చూశాం? అక్కడ రిమ్ము మీద నల్లగా, జిడ్డుగా, దుమ్ము పట్టి అట్టగట్టిన మరక ఉందేమో ఇవాళే చూడండి. ఉంటే అది పాత మురికి అనుకోవద్దు. వెనక ఇరుసు ఆయిల్ సీలు పోయిందని బండి మనకిచ్చిన నోటీసు అది.

గిట్టుబాటు ధరలు, బీమా, కరెంటు, చెరువు నీళ్ళు ఉండగా సంఘం పత్రికలో ఒక రబ్బరు సీలు గురించి ఇంత రాతా అని కొందరు సభ్యులు అడగవచ్చు. మేమూ మొదట అలాగే అనుకున్నాం. కానీ పోయిన వానాకాలం నాట్లప్పుడు ఒంటిమిట్ట చెరువు కింద జరిగిన సంగతి చూశాక, సేద్యం ఖర్చు పెరుగుతోందని మనం పెట్టే కేకల్లో ఈ ముక్క ఎప్పుడూ లేకుండా పోయిందని అర్థమైంది.

సంగతి ఇది. మా సభ్యుడొకరి ట్రాక్టరు కుడి వెనక చక్రం దగ్గర ఆయిల్ కారడం మొదలైంది. అడుసు దున్నే రోజులు. చెరువులో నీళ్ళున్నాయి, నారు ముదురుతోంది, తన కయ్యలే కాక ఇంకో నలుగురి కయ్యలు ఒప్పుకొని ఉన్నాడు. కంపెనీ వర్క్‌షాపులో అడిగితే, ఇరుసు షాఫ్టు మొత్తం మార్చాలి, సామాను రావడానికి పది దినాలు పడుతుంది అన్నారు. బండి విప్పి చూడకుండానే అన్నారు. పది దినాలు నారు ఆగదు కదా. అందుకని రోజూ పొద్దున ఒక లీటరు ఆయిల్ పోసుకుంటూ దున్నాడు. కొన్నాళ్ళకు చక్రం దగ్గర గరగర శబ్దం. ఇంకో రెండు రోజులకు, కేజ్ వీల్స్ విప్పి చెరువు కట్ట మీదుగా ఇంటికి వస్తుంటే బ్రేకు పట్టలేదు. బండి వెనక్కి జారి చింతచెట్టుకు ఆనుకొని నిలబడింది. చెట్టు లేకపోయి ఉంటే ఈ వ్యాసం ఇలా రాయగలిగేవాళ్ళం కాదు.

మేము తీసుకెళ్ళిన మేస్త్రీ చక్రం విప్పి, లోపల వేలు పెట్టి చూసి అడిగాడు:

“ఎన్నాళ్ళ నుంచి కారతాందన్నా?”

“నెలైంటాది లే.”

“నెల కిందనే వచ్చింటే సీలుతో పోయేది గదన్నా. ఇప్పుడు బేరింగు పాయ, షాఫ్టు కూడా గాడి పడె.”

సీలు ధర వందల్లో ఉంటుంది. బేరింగుకు వస్తే వేలు. షాఫ్టు, హౌసింగు దాకా పోతే అది ఒక పంట మీద మిగిలే డబ్బు. ఆ రైతు సోమరి కాదు, తెలివి తక్కువవాడూ కాదు. కారుతున్నది కంటికి కనిపిస్తూనే ఉంది. అప్పుడు ఆపితే నాటు పోతుంది, ఆపకపోతే ఇరుసు పోతుంది. ఈ రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోవాల్సి రావడమే మనం మాట్లాడాల్సిన విషయం.

బండి కట్టిన కాలం గుర్తున్న పెద్దలకు ఇదేమీ కొత్త కాదు. ఎద్దుల బండికి ఇరుసు ఉండేది, దానికి కందెన పెట్టేవాళ్ళం. కందెన ఎండితే కీచుమని అరిచేది, ఆ అరుపు ఊరంతా వినబడి సిగ్గనిపించి వెంటనే పెట్టేవాళ్ళం. చక్రం వదులైతే వడ్రంగి, పట్టా జారితే కమ్మరి. ఇద్దరూ ఊళ్ళోనే ఉండేవాళ్ళు, కళ్ళంలో మేర కొలిచి ఇచ్చేవాళ్ళం. ఆ ఏర్పాటులో ఉన్న అన్యాయాలు మాకు తెలుసు, వాటిని తిరిగి తెమ్మని అనడం లేదు. కానీ మరమ్మతు అన్నది అప్పట్లో ఊరి సేద్యంలో ఒక భాగం. ట్రాక్టరు వచ్చాక సేద్యం ఊళ్ళో మిగిలింది, మరమ్మతు పాతిక కిలోమీటర్ల అవతల కడపకు పోయింది.

ట్రాక్టరు ఇరుసులో జరిగేది కూడా అదే పని. వెనక డిఫరెన్షియల్ నుంచి రెండు వైపులా రెండు షాఫ్టులు చక్రాలకు వస్తాయి. ప్రతి షాఫ్టూ హౌసింగు చివర బేరింగు మీద తిరుగుతుంది. వెనక చక్రం మోసే బరువు, గుంతలో పడ్డప్పుడు తగిలే దెబ్బ, అడుసులో కేజ్ వీల్ లాగే లాగుడు, అన్నీ ఆ బేరింగే మోయాలి. లోపలి ఆయిల్ బయటికి రాకుండా, బయటి బురద లోపలికి పోకుండా కాపాడేది సీలు. దాని పెదవి లాంటి రబ్బరు అంచు షాఫ్టును ఒరుసుకొని ఉంటుంది, వెనక సన్న స్ప్రింగు ఉంటుంది. ఆ అంచు కాస్త చిరిగిందా, ఆయిల్ బయటికి వస్తుంది. ఆయిల్ రావడం ఆగినా సంతోషించకండి, లోపల ఇక లేదని కావచ్చు. అంతకన్నా చెడ్డది, ఆయిల్ బయటికి వచ్చే దారిన నీళ్ళూ సన్న ఇసుకా లోపలికి పోతాయి. బేరింగుకు అవి విషం.

బ్రేకు సంగతి వేరుగా చెప్పాలి. పాత బండ్లలో డ్రై బ్రేకులు ఉంటాయి. సీలు పోయి ఆయిల్ లైనింగుకు అంటితే ఆ వైపు బ్రేకు పట్టదు, రెండో వైపు పడుతుంది, బండి ఒక పక్కకు లాగుతుంది. కొత్త బండ్లలో బ్రేకు ప్లేట్లు ఆయిల్లోనే మునిగి ఉంటాయి. వాటికి ఆయిల్ తగిలితే నష్టం లేదు, కానీ ఆయిల్ మట్టం పడిపోతే కష్టం. చాలా మోడళ్ళలో గేరుబాక్సుకూ హైడ్రాలిక్‌కూ అదే ఆయిల్ కాబట్టి లిఫ్టు కూడా నీరసిస్తుంది. ఇలాంటి బండిలో చేతికి దొరికిన మామూలు గేరాయిల్ పోసి పని కానిచ్చేవాళ్ళను చూస్తున్నాం. వెట్ బ్రేకులకు కంపెనీ చెప్పిన రకమే పోయాలి. మన చెరువు కట్టలు, వంకల దాట్లు గుర్తు చేసుకోండి. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణానికి వెన్నెల్లో జనాన్ని ట్రాలీల్లో ఎక్కించుకొని వచ్చే బండ్లను తలచుకోండి. ట్రాలీల్లో మనుషులను ఎక్కించడమే తప్పు. ఎక్కించిన బండికి వెనక సీలు కారుతుంటే ఇక చెప్పేదేముంది.

సీలు ఎందుకు పోతుంది? వయసు మీద పడి పోయేవి కొన్ని. మనం పోగొట్టేవే ఎక్కువ అని మేస్త్రీలు అంటారు, మేమూ ఒప్పుకుంటున్నాం.

మొదటిది మన తోటల్లో కొత్తగా వచ్చిన ముప్పు. అరటి, బొప్పాయి, పసుపు తోటల్లో డ్రిప్పు పైపులు, మల్చింగ్ షీటు, గెలలకు కట్టే ప్లాస్టిక్ తాడు. పంట తీశాక ముక్కలు చేలోనే వదిలేస్తాం. రోటవేటరు తిప్పేటప్పుడు ఆ తాడు చక్రం లోపలి వైపు ఇరుసుకు చుట్టుకుంటుంది. తిరిగే కొద్దీ బిగుసుకొని లోపలికి జరిగి సీలు అంచును కోస్తుంది. మూరెడు తాడు చాలు.

రెండోది ఆ ఆయుధపూజ నాటి వాటర్ సర్వీసే. ప్రెజర్ గన్ను తెచ్చి ఇరుసు చివరనే గురిపెట్టి కొట్టిస్తాం. అంత ఒత్తిడి నీళ్ళను ఆపడానికి ఆ సీలు చేయలేదు. నీళ్ళు లోపలికి పోతాయి. అక్కడ మట్టిని గుడ్డతో, బ్రష్షుతో తీయాలి.

మూడోది బ్రీదరు. దీని గురించి మేస్త్రీలు కూడా మరచిపోతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం. వెనక హౌసింగు పైన చిన్న మూత లాంటిది ఉంటుంది. బండి పని చేసేటప్పుడు లోపలి ఆయిల్ వేడెక్కి గాలి పెరుగుతుంది, ఆ గాలి బ్రీదరు గుండా బయటికి పోవాలి. దుమ్ము, జిడ్డు పట్టి అది మూసుకుపోతే గాలికి దారి లేక, అన్నిటికన్నా బలహీనమైన చోటును తోసుకొని పోతుంది. ఆ చోటు సీలే. బ్రీదరు మూసుకుపోయిన బండికి ఎన్ని కొత్త సీళ్ళు వేసినా నెలకోటి పోతుంది. మనం అంగడివాణ్ణి డూప్లికేటు ఇచ్చినావని తిడతాం. ఆయిల్ గుర్తుకు మించి పోసినా ఇదే జరుగుతుంది. సీలు కొనడానికి ముందు బ్రీదరు విప్పి డీజిల్‌తో కడిగి చూడండి, దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక వరదలు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి చెయ్యేరు ఊళ్ళ మీద పడిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరవలేదు. ట్రాక్టరు ఇరుసు దాకా నీళ్ళలో మునిగి ఉంటే, స్టార్టు అయింది కదా అని తోలేయకూడదు. డ్రెయిన్ ప్లగ్గు విప్పి ఆయిల్ చూడాలి. మజ్జిగలా తెల్లబడి ఉంటే నీళ్ళు కలిశాయని అర్థం. మొత్తం దించి కొత్తది పోయకుండా కదిలిస్తే బేరింగులన్నీ తుప్పు పట్టిపోతాయి. ఏటిలోకి బండి దించి ఇసుక ఎత్తుకొచ్చే వాళ్ళకూ ఇదే మాట.

పని ఎలా జరగాలో కూడా ప్రతి రైతుకూ తెలిసి ఉండాలి. మనమే చేసుకోవాలని కాదు, దగ్గరుండి చూసేటప్పుడు కళ్ళు తెరిచి చూడాలని.

బండిని చదునైన గట్టి నేల మీద నిలపాలి. ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాలి. ట్రాక్టరు ముందు ఇరుసు మధ్యలో ఒక పిన్ను మీద ఊగుతుంది కాబట్టి, వెనక ఒక వైపు ఎత్తితే మొత్తం బండి పక్కకు ఒరగవచ్చు. ఒరగకుండా ముందు ఇరుసుకూ పైన ఫ్రేముకూ మధ్య రెండు వైపులా చెక్క మేకులు బిగించాలి. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. ఎత్తాక హౌసింగు కింద గట్టి దుంగలు పేర్చాలి. వెనక టైర్లలో బరువు కోసం నీళ్ళు నింపుకున్న వాళ్ళు మరీ జాగ్రత్త. 13.6-28 సైజు టైరులో ముప్పాతిక భాగం నింపితే సుమారు 200 లీటర్లు పడతాయి. ఆ చక్రం కాలి మీద ఒరిగితే కాలు మిగలదు. ఇద్దరు మనుషులు కాదు, నలుగురు ఉండాలి, లేదా ముందే నీళ్ళు దించాలి.

చక్రం గాలిలోకి లేచాక పైనొక చేయి, కిందొక చేయి పట్టుకొని ఊపి చూడండి. టకటకమని ఆడితే బేరింగు వదులైంది, లేదా అరిగింది. చేత్తో తిప్పితే గరగరమన్నా అదే. అసలు ఈ పరీక్షకు ముందే, రోజు పని అయ్యాక రెండు చక్రాల హబ్బుల మీదా చేయి పెట్టి చూసే అలవాటు చేసుకుంటే, ఒకటి గోరువెచ్చగా ఉండి రెండోది చేయి ఆనించలేనంత వేడిగా ఉంటే అక్కడే తెలిసిపోతుంది.

షాఫ్టు బయటికి వచ్చాక మేస్త్రీ చేసే మొదటి పని పాత సీలు ఆనిన చోటును తుడిచి గోరుతో గీకి చూడటం కావాలి. గోరు గాడిలో పడిందంటే, ఆ షాఫ్టు మీద కొత్త సీలు వేసినా కారుతుంది. గాడి సన్నదైతే, జాగా ఉన్నచోట సీలును రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు జరిపి కొత్త చోట ఆనేలా కొట్టవచ్చు. లోతైతే ఆ చోట పలుచటి స్లీవ్ ఎక్కించవచ్చు. షాఫ్టు మార్చడం చివరి మాట కావాలి. మా సభ్యుడికి మాత్రం అదే మొదటి మాటగా చెప్పారు.

పాత బేరింగును ఉలి పెట్టి సుత్తితో కొట్టి తీయడం, కొత్తదాన్ని అదే సుత్తితో ఎక్కించడం మన పల్లె షెడ్లలో రోజూ చూసేదే. ఇక్కడ మన ఊరి మేస్త్రీలనే వెనకేసుకొస్తే అబద్ధమవుతుంది. ఆ దెబ్బకు బేరింగు లోపలి గుండ్లకూ, అవి తిరిగే దారికీ సొట్ట పడుతుంది. కొత్త బేరింగు మొదటి రోజే సగం చస్తుంది. తీయడానికి పుల్లరు వాడాలి. ఎక్కించడానికి బేరింగును నూనెలో సుమారు 100 డిగ్రీల దాకా వేడి చేస్తే అది కాస్త వ్యాకోచించి చేత్తో తోస్తే ఎక్కుతుంది. 120 దాటకూడదు. గ్యాసు మంట నేరుగా పెడితే ఉక్కు గట్టిదనం పోతుంది. టేపరు బేరింగు అయితే లోపలి కోను, బయటి కప్పు రెండూ కలిపి మార్చాలి, పాత కప్పులో కొత్త కోను వేయించుకోకండి. అక్కడ ఉండే పలుచటి షిమ్ములను లెక్కపెట్టి, ఒక గుడ్డలో మూట కట్టి మీ దగ్గరే పెట్టుకోండి. అవి పోతే బేరింగు బిగువు తప్పుతుంది. ఎక్కువ బిగువైతే కాలుతుంది, తక్కువైతే ఆడుతుంది.

సీలు పెదవి ఆయిల్ ఉన్న వైపు చూడాలి. తిరగేసి కొట్టిన సీళ్ళు మేము చూశాం. ఆ పెదవికి కాస్త గ్రీసో ఆయిలో పూయాలి, పొడిగా వేస్తే మొదటి నిమిషాల్లోనే కాలిపోతుంది. ఒక పక్క కొట్టి, తర్వాత రెండో పక్క కొట్టి ఎక్కించకూడదు. సీలంత వెడల్పున్న పైపు ముక్కో చెక్కో ఆనించి సమంగా దించాలి. ఒక వైపు పోయిందంటే రెండో వైపుదీ అదే వయసని గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు అంగడికి పోదాం. ఇక్కడ రైతు మోసపోయేది తెలియక. బేరింగు మీదే నంబరు చెక్కి ఉంటుంది. మెట్రిక్ బేరింగుల్లో ఆ నంబరు చివరి రెండు అంకెలను 5తో గుణిస్తే లోపలి రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. 6310 అంటే 50, 30212 అంటే 60. అంగుళాల కొలతల బేరింగులకు ఈ లెక్క వర్తించదు, వాటి నంబరు వాటిదే. సీలు మీద మూడు సంఖ్యలు ఉంటాయి. 65-90-10 అంటే షాఫ్టు 65, హౌసింగు 90, మందం 10 మిల్లీమీటర్లు. చాలా బండ్లలో ఈ బేరింగులు ప్రపంచమంతా వాడే మామూలు కొలతలవే. ట్రాక్టరు కంపెనీ డబ్బాలో పెట్టి అమ్మినా, బేరింగుల అంగట్లో అమ్మినా, లోపల పేరున్న బేరింగు కంపెనీ సరుకు ఒకటే అయి ఉండవచ్చు. కొన్ని మోడళ్ళకు ప్రత్యేకంగా చేయించినవి ఉంటాయి, అవి అక్కడే కొనాలి. పాతదాన్ని తుడిచి నంబరు ఫోటో తీసుకొని పోతే ఈ తేడా అంగట్లోనే తేలిపోతుంది. నంబరు లేకుండా, లేబులు లేకుండా కాగితంలో చుట్టి ఇచ్చేది మాత్రం ఎంత చవకైనా వద్దు. బిల్లు అడగండి.

బిల్లు అంటే పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టరు టైర్లు, ట్యూబులు, ఇంకా జాబితాలో పేరు పెట్టిన కొన్ని విడిభాగాల మీద 18 నుంచి 5కు తగ్గింది. మంచిదే, స్వాగతిస్తున్నాం. కానీ బేరింగులు పన్ను పుస్తకంలో వేరే పద్దు కింద ఉంటాయి, 8482 అనే సంఖ్య కింద. వాటి మీద 18 శాతం అలాగే ఉంది. గేరాయిల్ మీదా అంతే. ట్రాక్టరు గేరుబాక్సు మీద 5, దాని వెనక తిరిగే బేరింగు మీద 18. వెయ్యి రూపాయల సామానుకు 50 కట్టాల్సిన చోట 180 కడుతున్నాం. వ్యాపారి అయితే కట్టిన పన్నును వెనక్కి లెక్క చూపుకుంటాడు. రైతుకు ఆ వీలు లేదు. కట్టింది కట్టినట్టే పోతుంది.

దీనర్థం ఏమిటి? కొత్త ట్రాక్టరు కొనేవాడికి పెద్ద మొత్తంలో తగ్గింది. పదేళ్ళ పాత బండిని పాడు కాకుండా చూసుకొని నడుపుకునే రైతుకు, ఎక్కువగా అతను కొనే సామాను మీద తగ్గలేదు. బేరింగు ట్రాక్టరుకు పోతుందో మిల్లుకు పోతుందో మాకెలా తెలుస్తుంది అని పన్ను అధికారులు అంటారు. అది పూర్తిగా కొట్టిపారేయాల్సిన మాట కాదు. కానీ క్లచ్చులకు, రేడియేటర్లకు, రిమ్ములకు ట్రాక్టరువి అని వేరు చేయగలిగిన వాళ్ళు ఇరుసు బేరింగు సెట్టుకు చేయలేరా? మన రాష్ట్ర ఆర్థిక మంత్రి కూడా జీఎస్టీ కౌన్సిల్లో సభ్యుడే. ఈ ఒక్క పంక్తి అడగడానికి ఆయనకు అడ్డమేముంది?

సబ్సిడీల తీరూ ఇంతే. 2022 జూన్ 7న గుంటూరులో మొదలైన యంత్ర సేవా పథకం కింద రైతు గ్రూపులకు ట్రాక్టర్లు ఇచ్చారు. 40 శాతం సబ్సిడీ, 50 శాతం బ్యాంకు అప్పు, 10 శాతం గ్రూపు వాటా. ప్రభుత్వం మారింది, పేర్లు మారాయి. ఏ ప్రభుత్వమైనా లెక్క యంత్రం కొన్న రోజుతోనే ఆగుతుంది. తాళాలు ఇచ్చేటప్పుడు ఫోటో ఉంటుంది. సీలు కారేటప్పుడు ఎవరూ రారు. మరమ్మతు ఖర్చు గ్రూపు అద్దెల్లోంచే రావాలి, ఆ అద్దె ఏమో ఊళ్ళో పోటీకి తగ్గించాల్సి వస్తుంది. అందరి బండి ఎవరిదీ కాదన్నట్టు, ఆయిల్ మట్టం చూసే మనిషి ఉండడు. ఒంటిమిట్ట గుడి పాడుబడితే టెంకాయచిప్ప పట్టుకొని బిచ్చమెత్తి బాగు చేయించిన వావిలికొలను సుబ్బారావు గారి ఊరివాళ్ళం మనం. కట్టించినవాడి పేరుకన్నా బాగు చేయించినవాడి పేరే ఇక్కడ ఎక్కువగా తలుస్తారు. పథకాలు రాసేవాళ్ళకు ఆ సంగతి తెలిసినట్టు లేదు.

ఇంకో కాగితం గురించి మన సభ్యుల్లో చాలామందికి తెలియదు. మన దేశంలో ట్రాక్టరు మోడళ్ళను మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్ష సంస్థ పరీక్షిస్తుంది. అక్కడ అడుసు దున్నించి, ఆ తర్వాత విప్పి, బురదా నీళ్ళూ ఎక్కడెక్కడ లోపలికి పోయాయో చూస్తారు. వెనక ఇరుసు కూడా అందులో ఉంటుంది. ఆ నివేదికలో సీళ్ళు ఎంత గట్టిగా నిలిచాయో ఒక భాగమే ఉంటుంది. చెరువు కింద సేద్యం చేసే రైతు బండి కొనే ముందు చదవాల్సిన పేజీ అది. ఇంగ్లీషులో, పెద్ద పుస్తకంలో, రైతు ఎన్నడూ పోని చోట ఉంటుంది. షోరూములో మనకిచ్చేది మాత్రం రంగుల కాగితం. ఆ ఒక్క పేజీని తెలుగులో ప్రతి షోరూములో గోడకు అంటించాలని అడుగుతున్నాం.

మరమ్మతు హక్కు అన్న మాట ఈ మధ్య వినబడుతోంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో దీని మీద ఒక కమిటీ వేసింది. మొదట పట్టించుకోవాల్సిన నాలుగు రంగాల్లో సెల్‌ఫోన్లు, ఇంటి సామాన్లు, వాహనాలతో పాటు వ్యవసాయ పరికరాలను కూడా చేర్చింది. అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ కూడా తెరిచారు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో చట్టమే చేసింది. రైతు తన యంత్రాన్ని తానే బాగు చేసుకోవడానికి కావలసిన పుస్తకాలు, సామాను, పనిముట్లు కంపెనీలు అమ్మాలని ఆ చట్టం చెప్తుంది, 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అక్కడ పేచీ ఎక్కువగా కంప్యూటరు తాళాల గురించి. మన బండ్లలో అంత కంప్యూటరు లేదు. మనకు తాళం వేరే రకం. సర్వీసు మాన్యువలు దొరకదు, దొరికినా తెలుగులో ఉండదు, సామాను జాబితా డీలరు కంప్యూటర్లోనే ఉంటుంది, బయట విప్పితే వారంటీ పోతుందని బెదిరింపు. అదే వారంటీ కాగితంలో సీలు లాంటి రబ్బరు సామాను అరుగుదల కింద తీసేసి ఉంటుంది. కొనేటప్పుడే చదివించుకోండి. సొంత జీవనం కోసం ట్రాక్టరు కొన్న రైతు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారుడే. విప్పి చూడకుండా షాఫ్టు మార్చమన్న వాళ్ళ మీద జిల్లా కమిషన్‌కు పోవచ్చు. 5 లక్షల లోపు సొమ్ము చెల్లించి కొన్న సామానుకైనా, పనికైనా ఫిర్యాదు ఫీజు లేదు. 1915 నంబరుకు ఫోను కూడా చేయవచ్చు.

మేస్త్రీల సంగతి. మన పల్లెల్లో ట్రాక్టరు పని నేర్చిన కుర్రాళ్ళు ఎవరి దగ్గరో సుత్తి అందిస్తూ నేర్చుకున్నవాళ్ళు. తప్పు వాళ్ళది కాదు, చూపించినవాడు లేడు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణాది రాష్ట్రాల కోసం పెట్టిన కేంద్ర వ్యవసాయ యంత్ర శిక్షణ సంస్థ ఉంది. రాయలసీమలోనే ఉంది. ఒంటిమిట్ట మేస్త్రీకి వారం రోజులు షెడ్డు మూసి అక్కడికి పోయే తీరిక ఉండదు. ఆ సంస్థవాళ్ళే వేసవిలో, సేద్యం లేని రోజుల్లో, మండలానికి ఒక శిబిరం పెట్టి, ఒక ఇరుసు విప్పి బిగించి చూపాలి. వచ్చిన మేస్త్రీలకు ఆ రోజుల కూలి ఇవ్వాలి. ఈ విషయం మీద మహజరు రాస్తున్నాం, పన్ను సంగతి కూడా అందులోనే చేరుస్తున్నాం. సంతకాలకు మన గ్రామ కమిటీల దగ్గరికి వస్తాం.

ప్రభుత్వం చేసే దాకా మనం చేతులు కట్టుకొని కూర్చోలేం. మండల కమిటీలో ఒక ప్రతిపాదన పెట్టాం. ఒక మంచి హైడ్రాలిక్ జాకీ, రెండు సైజుల పుల్లర్లు, నాలుగు దుంగలు, బేరింగు వేడి చేయడానికి ఒక పెద్ద గిన్నె, నూనె వేడి చూసే థర్మామీటరు సంఘం డబ్బుతో కొని, సభ్యుల పనికి మేస్త్రీలకు ఉచితంగా ఇవ్వాలని. పుల్లరు ఒక్క మేస్త్రీ కొనుక్కోవాలంటే భారం, ఊరంతా కలిస్తే ఏమంత కాదు. సంఘం ఉండేది ఉద్యమాలకే గాని జాకీలకా అని ఒక పెద్దాయన కోప్పడ్డాడు. ఆయన బండి కుడి చక్రం కూడా కారుతోందని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఆ జాబితాకు మొదటి చందా ఆయనదే.

అమావాస్య నాడు కాడి కట్టని అలవాటు మన ఇళ్ళలో ఇంకా ఉంది. ఆ రోజు బండి కూడా ఎలాగూ నిలబడే ఉంటుంది. వచ్చే అమావాస్య పొద్దున ఒంటిమిట్ట చెరువు కట్ట దగ్గర మేస్త్రీ ఉంటాడు, మేమూ ఉంటాం. బండి తీసుకురండి. వచ్చే ముందు వాటర్ సర్వీసు చేయించకండి, మరక మరకలాగే ఉండనీయండి. పాత సీలు మార్చిన వాళ్ళుంటే ఆ బిల్లు కూడా తెండి, మహజరుకు జత చేయాలి.